శకుని చెప్పిన ధర్మము

తిరుపతినుండి పుత్తూరునకు పోవు త్రోవలో వడమాలపేట యున్నది. ఆ సీమలోని అనేక పల్లెలలో వేసవియందు ధర్మరాజుల గుళ్లవద్ద భారతోత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. సాధారణముగా 18 దినములు సాగు ఆ ఉత్సవమున తుదినాడు భీమవేషధారి నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని పెనువిగ్రహపు తొడను గదతో మోదును. జనుల కోపమంతయు దుర్యోధనునిపైననే. కాని జూదపు ఘట్టమును శ్రద్ధగా చూచినవారికి, పన్నాగమంతయు శకునిదే యని తెలియును.

ధర్మరాజునకు జూదమన్న ప్రీతి గాని ఆడుట తెలియదనియు, పిలిచినచో రానని యనలేడనియు శకుని ముందే గ్రహించెను. మొదటిది ధర్మరాజు లోపము. రెండవది అతని వ్రతము. శకుని ఈ రెంటిని కలిపి వల పన్నెను. పిలుపు పెదతండ్రి ధృతరాష్ట్రుని పేర వెళ్లినది. దానిని కొనిపోయిన విదురుడు జూదము కీడనియే చెప్పెను. ఐనను పెద్దల యాజ్ఞ మీరలేక ధర్మరాజు వచ్చెను.

సభలో అతడు జూదము మోసమనగా, భయమున్నచో మానుమని శకుని పలికెను. వీరునకు ఆ మాట చాలును! సంపద, రాజ్యము, తమ్ములు, తుదకు తాను, అన్నియు పోయినవి. అప్పుడు శకుని ధర్మము చెప్పసాగెను. ధనము మిగిలియుండగా తన్ను తానోడుట పాపమట! ద్రౌపది యింకను ఉన్నదట! ఆమెను ఒడ్డి తన్ను తిరిగి గెలుచుకొనవలెనట! శకుని పాచికలు అతని తండ్రి యెముకలతో చేసినవని లోకులు చెప్పుకొందురు. ఆ మాటలకంటె ఆ పాచికలు క్రూరమైనవి కావు.

ఇట్టి నేర్పు పరదేశపు నాటకములలోను కానవచ్చును. 1604లో ఇంగ్లండు రాజాస్థానమున ప్రదర్శింపబడిన షేక్స్పియరు విషాదనాటకము ‘ఒథెల్లో’లో ఇయాగో అట్టివాడు. సేనాని ఒథెల్లో ఎదుటివారిని సులభముగా నమ్మును. ఇయాగో అతని భార్య డెస్డిమోనాపై మొదట నిందను సూటిగా మోపడు. సగము చెప్పి ఆగును. అసూయకు లోబడవలదని తానే హెచ్చరించును! ఆపై ఆమె చేతిరుమాలు పరుని బసలో దొరకునట్లు చేయును. ఒథెల్లో ఆమెను చంపును. ఇయాగో భార్య ఎమీలియా నిజము బయలుపరచునప్పటికి డెస్డిమోనా లేదు.

హస్తినలో ద్రౌపది సభకు ఈడ్వబడియు ప్రశ్నించెను: తన్ను ముందే ఓడినవానికి భార్యను ఒడ్డు హక్కు కలదా? భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడొక్కడు లేచి, ఆమె ఓడబడలేదనెను. ఆమె పేరును తొలుత పలికినవాడు శకునియే యని గుర్తుచేసినవాడును అతడే.