స్టెంట్ వేశాక ఇంట్లో: మాత్ర మానేస్తే ఏమవుతుంది?

రాయ్‌పుర్‌లోని దేవేంద్ర నగర్ వంటి కాలనీల్లో ఉన్న ఆసుపత్రులకు నగరవాసులే కాదు, బస్తర్ వైపు నుంచి కూడా రోగులు వస్తుంటారు. ఒక్క జగదల్‌పూరే దాదాపు 300 కిలోమీటర్లు. ఇబ్బందులేవీ లేకపోతే స్టెంట్ వేసిన ఒకటి రెండు రోజుల్లో, గుండెపోటుతో వచ్చినవారిని మరికొన్ని రోజులకు, ఇంటికి పంపిస్తారు. పెద్ద కోత లేదు, కుట్లు లేవు, మణికట్టు మీద చిన్న గాటు మాత్రమే. "ఇక అంతా అయిపోయినట్టే" అని ఇంటిల్లిపాదికీ అనిపిస్తుంది. కానీ స్టెంట్ కథలో సగం ఆసుపత్రి బయటే నడుస్తుంది.

గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఒత్తిడి మారకుండా వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. గుండె ధమనులు నున్నని గాజు గొట్టాలు కావు కాబట్టి ఈ లెక్క అచ్చంగా వర్తించదు. అయినా పూడిక కాస్త తగ్గగానే రోగికి అంత ఊరట ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. చిక్కేమిటంటే, ఆ ఊరటే రోగిని ఏమరుపాటులో పడేస్తుంది.

స్టెంట్ అంటే సన్నని లోహపు జల్లెడ గొట్టం. దాని తీగల మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు, కొత్త రకాల్లో ఇంకా తక్కువ. రక్తానికి ఆ లోహం పరాయి వస్తువు. గాయం తగిలిన చోట చేరినట్టే ప్లేట్‌లెట్లు అక్కడ గుమికూడి గడ్డ కడతాయి. కాలం గడిచేకొద్దీ ధమని లోపలి పొర తీగల మీదుగా పెరిగి వాటిని కప్పేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే మందు పూత స్టెంట్లలో, నాళం మళ్లీ పూడిపోకుండా ఆపే మందే ఈ పొర పెరగడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. అంటే లోహం ఎక్కువ కాలం రక్తానికి తగులుతూ ఉంటుంది.

అందుకే రెండు మాత్రలు. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటిది. గుండెపోటు తర్వాత సాధారణంగా 12 నెలలు, గుండెపోటు లేకుండా ముందే నిర్ణయించుకుని వేయించుకున్నవారికి 6 నెలలు రెండూ వాడాలంటారు. రక్తస్రావం భయం ఉన్నవారికి వైద్యులు ఈ గడువు తగ్గిస్తారు. ఆ తర్వాత మామూలుగా ఒక మాత్ర కొనసాగుతుంది. స్టెంట్‌లో గడ్డకట్టే ముప్పు మొదటి నెలలో అన్నిటికంటే ఎక్కువ. అలా జరగడం అరుదే కానీ, జరిగితే పెద్ద గుండెపోటే, చాలాసార్లు ప్రాణాంతకం.

మాత్ర ఎందుకు ఆగిపోతుంది? చాలాసార్లు కారణం చిన్నదే. ఊళ్లో మందుల దుకాణంలో ఆ మాత్ర దొరకదు. నవరాత్రుల ఉపవాసం వస్తుంది. పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, చర్మం మీద నల్లమచ్చలు కనిపిస్తాయి. లేదా పన్ను పీకాలంటే "పలచబరిచే మందు ఆపేసి రండి" అని ఎవరో అంటారు. పన్ను పీకడానికి సాధారణంగా ఈ మాత్రలు ఆపనక్కర్లేదు. ఏదైనా ఆపాల్సి వస్తే ఆ మాట గుండె వైద్యుడే చెప్పాలి. టికాగ్రెలార్ వాడేవారిలో కొందరికి ఆయాసంలా అనిపించవచ్చు. అది వైద్యుడికి చెబితే మందు మారుస్తారు. సొంతంగా మానేయడమే ప్రమాదం. నల్లటి మలం, ఆగని రక్తస్రావం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దుకాణంలో అడిగి కొనుక్కునే మందులతోనూ జాగ్రత్త అవసరం. ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పునూ, గుండె ముప్పునూ పెంచుతాయి.

ఇంటి పనుల సంగతికొస్తే, మణికట్టు నుంచి చేసినవారు కొన్ని రోజులు, తొడ నుంచి చేసినవారు దాదాపు వారం బరువులు ఎత్తకూడదు. రాయ్‌పుర్ వేసవిలో బకెట్లతో కూలర్‌లో నీళ్లు పోయడం కూడా బరువు ఎత్తడమే! గాటు దగ్గర రక్తం వస్తే వేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. నడక మొదట ఇంటి ముందు పది నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచుకోవాలి. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుజామునే నయం. బీపీ మాత్రలు వేసుకునేవారికి చెమట ఎక్కువ పోతే కళ్లు తిరగవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌వారి బోరే బాసీ, తెలుగువారి చద్దన్నం దాదాపు ఒకటే. వాటిలో తప్పేం లేదు, పక్కన పెట్టుకునే ఆవకాయ, అప్పడాలే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. పొగాకు, గుట్కా పూర్తిగా మానాలి. కొలెస్టరాల్ మాత్ర పరీక్షలో అంకె బాగుందని ఆపేది కాదు, ఎందుకంటే స్టెంట్ ఒక్కచోటే వేశారు, పూడిక గుణం మిగతా నాళాల్లోనూ ఉంటుంది.

డిశ్చార్జ్ కాగితం ఫొటో రోగి ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచుకోవాలి. స్టెంట్ వేసిన తేదీ, రకం, మాత్రల పేర్లు అందులోనే ఉంటాయి. ఛాతీ బరువు, చల్లని చెమటలు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం కనిపిస్తే సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకుండా 108కి ఫోన్ చేయాలి.