పోలి నడుచుట

పఠనము: 1 కొరింథీయులకు 11:1

2023లో ఆస్కారు బహుమతి నొందిన ‘నాటు నాటు’ పాటకు ప్రేమ్ రక్షిత్ కూర్చిన నృత్యమును భిలాయి సెక్టర్ 4లోని యొక తెలుగింట బాలిక ఫోనులో చూచి నేర్చుకొనుచున్నదనుకొనుడి. ఒక్క అడుగును ఆమె నూరుమార్లు చూచును. తప్పినచోట ఆగి, మరల ఆరంభించును.

పౌలు వ్రాసిన ‘మిమేటేస్’ అను గ్రీకు పదమునకు అనుకరించువాడని భావము. క్రీస్తును అనుకరించు తన్ను చూచి అనుకరింపుడని ఆయన కొరింథు సంఘమును కోరెను. వినుట మాత్రమే చాలదు. కన్నులయెదుట ఒక మాదిరి యుండవలెను. మనమైతే క్షమించుటకు ఒకమారు యత్నించి, తప్పినంతనే మానివేయుదుము.

పెద్దలారా, ఆ బిడ్డను గద్దింపకమునుపు ఆలోచింతము: ఇంట మనలను చూచి ఆమె నేర్చుకొనదగిన అడుగు ఏది?

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలు మమ్మును చూచి నిన్ను పోలి నడుచునట్లు మమ్మును దిద్దుము. ఆమేన్.