రింగులు కుదురుకునే దాకా

అప్పు చేసి నాన్న టాక్సీ ఇంజన్ బోర్ చేయించాం. టర్బో డీజిల్. ఇంటికి రాగానే, మెల్లగా అలవాటవుతుందిలే అని నేను అరగంట ఐడిల్‌లో వదిలేశా. మెకానిక్ అన్న ఫోన్‌లోనే తిట్టాడు.

సంగతేంటంటే, హోనింగ్ చేసిన సిలిండర్ గోడ మీద సన్నని అడ్డగీతలుంటాయి. కొత్త రింగులు వాటికి ఒరుసుకుని కుదురుకోవాలి. రింగును గోడకు గట్టిగా నొక్కేది దాని వెనక చేరే గ్యాస్ ప్రెషరే. ఐడిల్‌లో అది చాలదు. రింగులు కుదరకముందే గోడ నునుపెక్కితే ఇంజన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అందుకే మితంగా లోడ్ ఇస్తూ, స్పీడ్ మారుస్తూ నడపాలి. ఫుల్ బూస్ట్ మాత్రం వద్దు. మొదటి ఆయిల్ త్వరగా మార్చేయాలి, అరిగిన లోహపు పొడి అందులోనే ఉంటుంది.

టర్బోది ఇంకో గొడవ. గట్టిగా నడిపి వెంటనే ఆపేస్తే వేడికి బేరింగ్‌లో ఆయిల్ మాడుతుంది. ఆపేముందు ఓ నిమిషం ఐడిల్ కావాలి (ఇక్కడ మాత్రం మంచిదేనట!).

రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి, నాన్న నన్నే పిలిచి చూపిస్తున్నాడు.