గొంతువాపు క్రిమికి చక్కెర తొడుగు
తొలకరికి ముందే గేదెలకు టీకా వేయించాలి

రాత్రి నిండుగా పాలిచ్చిన గేదె తెల్లారేసరికి మేత ముట్టదు. ఒళ్ళు కాలిపోతుంది, నోటి వెంట చొంగ కారుతుంది. గొంతు కింద వాచి, గురక పెడుతూ ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతుంది. ఇదే గొంతువాపు వ్యాధి. గురక వ్యాధి అని కూడా అంటారు. వాడరేవు, చీరాల, బాపట్ల పాడి రైతులు వానాకాలం రాకముందే దీని సంగతి తెలుసుకోవాలి.

క్రిమి బలమంతా తొడుగులోనే

ఈ వ్యాధిని తెచ్చేది పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మక్రిమి. దీని ఒంటి చుట్టూ చక్కెరల తొడుగు ఉంటుంది. చక్కెరంటే మనం కాఫీలో వేసుకునేది కాదు. చిన్న చిన్న చక్కెర అణువులు పూసల దండలాగా ఒకదానికొకటి కలిసి పొడుగాటి గొలుసులవుతాయి. కార్టర్ అనే శాస్త్రజ్ఞుడు 1950లలో ఈ తొడుగులను బట్టే క్రిముల్ని ఎ, బి, డి వంటి రకాలుగా విడదీశాడు. మన గేదెలకు వచ్చేది బి రకం. దీని తొడుగులో అరాబినోజ్, మానోజ్, గెలాక్టోజ్ అనే చక్కెరలున్నాయి. గెలాక్టోజ్ పాలలోని చక్కెరలోనూ ఉండేదే. కోళ్ళకు కలరా తెచ్చే ఎ రకం తొడుగయితే, జంతువుల కీళ్ళలో ఉండే జిగురు పదార్థమే. అందుకే ఒంట్లోని కాపలా కణాలు దాన్ని పరాయిదని గుర్తుపట్టలేవు.

నానబెట్టిన సబ్జా గింజను వేళ్ళతో పట్టుకుంటే జారిపోతుంది కదా! తొడుగున్న క్రిమి కూడా తెల్ల రక్తకణాలకు అలాగే చిక్కదు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బి రకం క్రిమికి తొడుగు లేకుండా చేసి చూశారు. ఎలుకల్లో దాని బలం బాగా తగ్గిపోయినట్టు 2000లో వెల్లడించారు.

రైతులు చేయాల్సినవి

గొంతు వాచేసరికే క్రిములు రక్తంలో విపరీతంగా పెరిగి ఉంటాయి. అప్పుడు మందులిచ్చినా తరచు ఫలితం ఉండదు. చంపిన క్రిములతో చేసిన టీకా ముందుగా వేయిస్తే, శత్రువును పట్టే ప్రతిరక్షకాలు ఒంట్లో తయారవుతాయి. ఇందుకు రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి మే నెలలోనే, ఆరు నెలలు దాటిన దూడలతో సహా అన్నిటికీ వేయించాలి. ఏటా మరువకూడదు.

జ్వరం కనపడగానే పశువుల డాక్టరును పిలవాలి. జబ్బు పశువును మంద నుంచి వేరు చేయాలి. చనిపోతే కాలువలో పడేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.