జామ – జామ్

పలక మీద "జామ" అని రాయండి. దాని పక్కనే "జామ్" అని రాయండి.

తేడా కనిపించిందా? "మ" మీద చిన్న పొల్లు. అంతే. కానీ ఆ పొల్లు అర్థాన్నే మార్చేసింది. జామ అంటే మన పెరట్లో కాసే కాయ. జామ్ అంటే పండ్ల గుజ్జులో పంచదార వేసి, దగ్గరపడే దాకా ఉడికించిన పదార్థం. జామ్ అనేది ఇంగ్లీషు మాట. జామకాయకూ ఆ మాటకూ చుట్టరికం ఏమీ లేదు.

మా చదువు కేంద్రానికి ఒక పిన్ని ఒక సీసా తెచ్చింది. పక్క ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ళు చేసి అమ్మిన సీసా. దాని మీద తెలుగులో చీటీ అంటించి ఉంది. పిన్ని కూడబలుక్కుని చదివింది.

"మా... మి... డి... జా... మ. ఇదేం కాయ టీచరమ్మా? మామిడా, జామా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం సంతోషం వేసింది. నాలుగు నెలల కిందట ఒక్క అక్షరం రాని పిన్ని, ఒక్క పొల్లు తప్ప అంతా చదివేసింది!

ఆ రోజు పాఠం పక్కకు పోయింది. ఎవరికి ఏ రుచి ఇష్టమో చెప్పుకుంటూ కూర్చున్నాం.

పిన్నికి మామిడి జామ్ ఇష్టం. మూత తీస్తే వేసవికాలం వాసన వస్తుందట. మామిడిలో కూడా తేడాలున్నాయి. నూజివీడు రసాలకు రుచి ఎక్కువ, కానీ పీచు ఉంటుంది. గుజ్జును జల్లెడ పట్టాలి. బంగినపల్లికి పీచు బాధ లేదు.

ఒక వదిన అనాస జామ్ బాగుంటుంది అంది. పుల్లగా, తియ్యగా, నోట్లో ముక్కలు తగులుతూ ఉంటుంది. ఏజెన్సీలో అనాస బాగా పండుతుంది. లంబసింగి చలికి స్ట్రాబెర్రీ కూడా పండిస్తున్నారు. దాని జామ్ ఎర్రగా ఉంటుంది. మా కేంద్రంలో ఎవరూ ఇంకా రుచి చూడలేదు.

"మా పిల్లలు మిక్స్‌డ్ ఫ్రూటే అడుగుతారు" అంది చిన్నక్క. అంటే నాలుగైదు రకాల పండ్లు కలిపి చేసినది. అరటి, బొప్పాయి, అనాస, ఆపిల్ లాంటివి అందులో ఉంటాయి. ఒక పండు రుచి ఇదీ అని చెప్పలేం. బహుశా అందుకే పిల్లలందరికీ నచ్చుతుందేమో.

మూల కూర్చున్న పెద్దత్త అంతా విని ఇలా అంది: "జామ్ జామ్ అంటారేమే? మన తాండ్ర ఏమైంది? అది పండూ తీపీ కాదా?"

పెద్దత్త మాట నిజం. కోనసీమలో ఆత్రేయపురం తాండ్రకు పేరుపడ్డ ఊరు. విజయనగరం జిల్లాలో భీమాలి కూడా అంతే. మామిడి రసాన్ని చాపల మీద పలచగా పోస్తారు. ఎండలో ఆరాక దాని మీద మరో పొర పోస్తారు. అలా పొర మీద పొర. జామ్‌కు నీళ్ళను పొయ్యి తీస్తుంది. తాండ్రకు నీళ్ళను ఎండ తీస్తుంది.

నన్ను ఎవరూ అడగలేదు గానీ, నాకు ఇష్టమైనది జామకాయ జెల్లీ. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు మేము చేసిన తప్పు చెప్పాలి.

మేము చేసిన తప్పు

మా ఊళ్ళో చలికాలం జామకాయలు విరగకాస్తాయి. బేరగాళ్ళు మంచివి ఏరుకుని పోతారు. మిగిలినవి చెట్ల కింద రాలి కుళ్ళిపోతాయి. మనమే జామ్ చేసి అమ్మితే పోలా అనుకున్నాం. పొదుపు డబ్బులోంచి 400 రూపాయలు తీసి సీసాలు, పంచదార కొన్నాం.

గుజ్జు 4 కిలోలు వచ్చింది. పంచదార 3 కిలోలు వెయ్యాలి. "2 కిలోలు చాలు, తీపి సరిపోతుంది, డబ్బు మిగులుతుంది" అన్నది ఎవరో కాదు, నేనే.

పెద్దత్త అప్పుడే అడిగింది: "ఉప్పు తగ్గిస్తే ఆవకాయ నిలవ ఉంటుందా అమ్మాయ్?" నేను పట్టించుకోలేదు. ఆవకాయ వేరు, జామ్ వేరు అనుకున్నాను.

కాస్త చిక్కబడగానే దింపేశాం. 4న్నర కిలోలు దిగింది. 15 సీసాలు నిండాయి. ఆరు సీసాలు ఒక్కోటి 60 రూపాయల చొప్పున అమ్మాం. ఎంత సంబరమో!

తొమ్మిదో రోజున మొదటి సీసా తిరిగి వచ్చింది. పైన తెల్లగా బూజు. మిగిలినవి తీసి చూస్తే అవీ అంతే. 360 రూపాయలూ తిరిగి ఇచ్చేశాం. పదిహేను సీసాల జామ్ గోతిలో పోశాం.

పోయిన డబ్బు కంటే మాట ఎక్కువ బాధ పెట్టింది. "చదువు నేర్చి మీరు చేసింది ఇదా?" అన్నారు కొందరు మగవాళ్ళు. రెండు రోజులు కేంద్రానికి ఐదుగురే వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా తల ఎత్తి మాట్లాడలేదు. మూడో రోజు నేను పెద్దత్త ఇంటికి వెళ్ళాను. ఆమె మాట వినకపోవడం నా తప్పేనని చెప్పాను.

"సరేలే, ఈసారి లెక్క రాసుకుని చేద్దాం" అంది.

బూజు ఎందుకు వచ్చింది?

బూజు బతకాలంటే నీళ్ళు కావాలి. ఊరగాయలో ఉప్పు ఆ నీళ్ళను పట్టేసుకుంటుంది. బూజుకు అందనివ్వదు. జామ్‌లో ఆ పని పంచదార చేస్తుంది. జామ్‌లో పంచదార తీపి కోసం మాత్రమే కాదు. అదే కాపలా కూడా. మూడు వంతుల జామ్‌లో సుమారు రెండు వంతులు పంచదార ఉంటేనే కాపలా గట్టిగా ఉంటుంది.

దానికి ఒక తేలిక లెక్క ఉంది. వేసిన పంచదార ఎంతో, దానికి ఒకటిన్నర రెట్లు జామ్ దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే ఇంకా నీళ్ళు ఉన్నట్టే.

కిలో పంచదార వేస్తే కిలోన్నర జామ్.
2 కిలోలు వేస్తే 3 కిలోలు.
3 కిలోలు వేస్తే 4న్నర కిలోలు.

ఇప్పుడు మా జామ్ చూడండి. మేము వేసింది 2 కిలోలు. 3 కిలోలు దిగాలి. 4న్నర దింపాం. బరువు ఎక్కువ వచ్చిందని మురిసిపోయాం. ఆ ఎక్కువంతా నీళ్ళే!

రెండోసారి

ఈసారి కిరాణా కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చాం. ముందు ఖాళీ గిన్నె తూచాం. 2 కిలోలు. పిన్ని సుద్దముక్కతో గోడ మీద రాసింది: "గిన్నె 2 కిలోలు." దాని కింద "జామ్ 4న్నర." కూడి, గీత గీసి, "6న్నర" అని వేసింది. ఎవరూ చెప్పకుండానే వేసింది.

చేసిన పద్ధతి ఇది.

కాయల్లో సగం పండినవి, సగం దోరవి ఏరాం. దోరకాయల్లో పెక్టిన్ అనే జిగురు ఎక్కువ ఉంటుంది. జామ్ గట్టిపడేది దానివల్లే. బాగా మగ్గిన కాయల్లో రుచి ఉంటుంది, జిగురు తగ్గిపోతుంది. అందుకే రెండూ కావాలి. కుళ్ళినవి, పురుగు పట్టినవి తీసేశాం.

కాయలు కడిగి, ముక్కలు కోసి, కాసిని నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాం. జల్లెడలో వేసి గరిటెతో రుద్దాం. గింజలు పైన ఉండిపోయాయి. గుజ్జు కింద పడింది. గుజ్జు తూచి 4 కిలోలు తీసుకున్నాం. 3 కిలోల పంచదార కలిపాం. ఎనిమిది నిమ్మకాయల రసం పిండాం. కిలో గుజ్జుకు రెండు కాయలన్నమాట. పులుపు లేకపోతే జిగురు పట్టుకోదు.

గిన్నె అడుగు మందంగా ఉండాలి. రాగి, ఇనుప గిన్నెలు వద్దు. పులుపుకు అవి పనికిరావు. గరిటెకు కాడ పొడుగ్గా ఉండాలి. దగ్గరపడేటప్పుడు జామ్ టప్ టప్ మని ఎగిరి చేతి మీద పడుతుంది. చెయ్యి బాగా కాలుతుంది. చంటిపిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

మొదట తూచితే గిన్నెతో సహా సుమారు 9 కిలోలు. కొంతసేపటికి 8. తరువాత 7. కాటా మీద చెక్క పలక వేసి దాని మీద వేడి గిన్నె పెట్టాం. ఇద్దరు పట్టుకున్నారు.

పెద్దత్త కాటా వైపు చూడనేలేదు. అరిసెల పాకం చూసే చెయ్యి ఆమెది. చల్లటి పళ్ళెంలో ఒక చుక్క వేసి వంచింది. చుక్క జారలేదు. చుట్టూ నీరు ఊరలేదు. గరిటె ఎత్తి ఒంపితే జామ్ ధారగా కారలేదు, రేకులా జారింది.

"దింపండే" అంది.

తూచాం. 6 కిలోల 600 గ్రాములు! గోడ మీది లెక్కకూ పెద్దత్త చేతికీ వంద గ్రాములే తేడా. ఆ వంద కూడా పొయ్యి మీద పెట్టి తగ్గించాం. పిన్ని ఒప్పుకోలేదు మరి.

సీసాలు, మూతలు ముందే నీళ్ళలో ఇరవై నిమిషాలు మరగబెట్టి తడి లేకుండా ఆరబెట్టాం. చెక్క మీద పెట్టి, జామ్ వేడిగా ఉండగానే నింపాం. చల్లటి గచ్చు మీద పెడితే సీసా పగులుతుంది. ఈసారి కూడా 15 సీసాలే. ముందుసారీ అంతే, ఇప్పుడూ అంతే. కానీ ఇవి నిలిచాయి. ఒక సీసా అమ్మకుండా కేంద్రంలో దాచి చూశాం. మూడు నెలలకు తీస్తే వాసన, రుచి అలాగే ఉన్నాయి. సీసాలు వెనక్కి ఇచ్చినవాళ్ళలో నలుగురు మళ్ళీ కొన్నారు.

ఒక మాట. జామ్ మీద బూజు వస్తే, పైది తీసేసి కిందిది తినవచ్చా అని చాలామంది అడుగుతారు. తినవద్దు. బూజు వేళ్ళు కంటికి కనబడకుండా లోపలికి పోతాయి. సీసాలో తడి చెంచా పెట్టకండి.

ఇక జెల్లీ

జామ్‌లో గుజ్జు ఉంటుంది. జెల్లీలో రసం మాత్రమే ఉంటుంది. దోరజామకాయలు తొక్కతో, గింజలతో సహా కోసి, మునిగేదాకా నీళ్ళు పోసి అరగంట ఉడికించాలి. పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదియ్యాలి. కింద గిన్నెలోకి రసం చుక్క చుక్కగా దిగుతుంది. తొందరపడి మూట పిండకండి. పిండితే రసం మడ్డిగా అవుతుంది. లీటరు రసానికి ముప్పావు కిలో పంచదార, రెండు నిమ్మకాయలు. ఉడికే కొద్దీ రసం ఎర్రబడుతుంది. చల్లారాక వెలుగుకు పెట్టి చూస్తే ఎర్రటి గాజుముక్కలా ఉంటుంది. నా ఇష్టానికి కారణం అదే!

సీసా కొంటే చీటీ చదవండి

బజారు సీసా మీద ఏమేమి కలిపారో రాస్తారు. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి. పంచదార ముందు ఉంటే, అందులో అదే ఎక్కువ అని అర్థం. మన దేశ నిబంధన ప్రకారం జామ్‌లో నూటికి 45 పాళ్ళు పండు వాడాలి. స్ట్రాబెర్రీ లాంటి వాటికి 25 పాళ్ళు చాలు. రంగు, వాసన కలిపితే అదీ రాయాలి. బరువు, ధర, తయారైన తేదీ, గడువు తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు నెంబరు చూడండి. మనం అమ్మాలన్నా ఆ నెంబరు తీసుకోవాలి. ఇంగ్లీషులో ఉన్నా భయం లేదు. అంకెలు మీకు వచ్చు కదా!

జామ్ తిన్నాం కదా అని పిల్లలకు పండు మానేయకండి. పచ్చి జామకాయలో సి విటమిన్ నారింజలో కంటే చాలా ఎక్కువ. ఉడికిస్తే కొంత పోతుంది. రొట్టె మీద పలచగా రాస్తే చాలు. పంచదార జబ్బు ఉన్నవాళ్ళకు జామ్ మంచిది కాదు.

చేయండి – రాయండి

1. పంచదార 4 కిలోలు వేశారు. జామ్ ఎన్ని కిలోలు దిగాలి?

2. ఖాళీ గిన్నె కిలోన్నర ఉంది. పంచదార 2 కిలోలు వేశారు. దింపేటప్పుడు కాటా మీద ఎంత ఉండాలి?

3. ఈ మాటలు పైకి చదవండి: జామ, జామ్, జెల్లీ, తాండ్ర, మురబ్బా, బంగినపల్లి, స్ట్రాబెర్రీ.

4. మీ ఊళ్ళో ఏ పండు ఎక్కువగా రాలిపోతోంది? ఏ నెలలో? ఐదు ఇళ్ళలో అడిగి రాయండి.

5. మీకు ఇష్టమైన రుచి: ....................