బ్యారెల్: 42 గ్యాలన్ల లెక్క ఎలా వచ్చింది?

ముడి చమురు ధర ఎప్పుడూ బ్యారెల్‌కు ఇన్ని డాలర్లని చెబుతారు. బ్యారెల్ అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, సుమారు 159 లీటర్లు. ఈ 42 ఎక్కడిదన్నదే అసలు ఆసక్తికరం.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. ఆ తర్వాత ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది కానీ, నింపడానికి పాత్రలు లేవు. విస్కీ, ఉప్పు, చేపలు నిల్వచేసే చెక్క పీపాలు ఏవి దొరికితే వాటిలో పోసి అమ్మారు. పీపాకో కొలత కావడంతో కొనేవారికీ అమ్మేవారికీ రోజూ తగవే. చివరికి 1866లో ఉత్పత్తిదారులు ఒక మాట మీదకు వచ్చారు: ధర 40 గ్యాలన్లకు, పైన 2 గ్యాలన్లు కొసరు. దారిలో కారిపోయే నష్టానికి అది సరిపోతుందని లెక్క. 1872లో పెట్రోలియం ఉత్పత్తిదారుల సంఘం 42నే ప్రమాణంగా ఖాయం చేసింది.

చాలామంది పొరపడేది గ్యాలన్ దగ్గరే. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ ఇంపీరియల్ గ్యాలన్ 4.546 లీటర్లు. అందుకే అదే బ్యారెల్ ఇంపీరియల్ లెక్కలో దాదాపు 35 గ్యాలన్లే. బంకుల్లో, గోదాముల్లో కనిపించే ఇనుప డ్రమ్ము కూడా బ్యారెల్ కాదు. అందులో 200 లీటర్లకు పైగా పడుతుంది. నేడు చమురు పైపులైన్లలో, ట్యాంకర్లలోనే ప్రయాణిస్తోంది. చెక్క పీపా పోయింది, దాని కొలత మాత్రం మార్కెట్‌లో నిలిచిపోయింది.