మత్తు వేరు, కండరాల సడలింపు వేరు

ఆపరేషన్‌కు ముందు కాగితాల మీద సంతకం పెడుతూ రోగి బంధువులు మమ్మల్ని అడిగేది ఒక్కటే: "మత్తు సరిగా దిగుతుంది కదా డాక్టర్ గారూ?" ఆ ఒక్క మాటలో మూడు పనులున్నాయి. స్పృహ లేకుండా చేయడం, నొప్పి తెలియనివ్వకపోవడం, కండరాలను వదులు చేయడం. నేను చెప్పబోయేది ఈ మూడోదాని గురించి.

పొట్ట కోయాలంటే పొట్ట కండరాలు బిగుసుకుని ఉండకూడదు. శ్వాసగొట్టం వేయాలంటే దవడ, గొంతు వదులు కావాలి. పూర్వం ఇందుకోసం ఈథర్‌నే ఎక్కువగా ఇచ్చేవారు, అది ప్రాణం మీదకు వచ్చేది. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ అపెండిక్స్ ఆపరేషన్‌లో క్యురారీ వాడాక దారి మారింది. దక్షిణ అమెరికా వేటగాళ్లు బాణాల మొనకు పూసే విషమే ఈ క్యురారీ!

నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి కండరాన్ని తాకితేనే కండరం కదులుతుంది. వెక్యురోనియం, రోక్యురోనియం, అట్రాక్యూరియం ఆ తాకే చోటును ఆక్రమించుకుంటాయి. ఊపిరి తీసే కండరాలూ ఆగిపోతాయి కాబట్టి మెషిన్‌తో శ్వాస ఇవ్వాల్సిందే. ఇవి మెదడును నిద్రపుచ్చవు. అమెరికన్ డాక్టర్ స్కాట్ స్మిత్ తన ఒంటి మీదే క్యురారీ మందును ప్రయోగం చేయించుకుని, వేలు కదపలేని స్థితిలోనూ తనకు అన్నీ తెలుస్తున్నాయని 1947లో ప్రకటించారు. అందుకే నిద్ర మందు ముందు, సడలింపు మందు తర్వాత.

శ్వాసగొట్టం త్వరగా వేయాల్సినప్పుడు సక్సినైల్‌కోలిన్ వాడతాం, థియేటర్లో దాన్ని స్కోలిన్ అంటారు. నిమిషంలో పనిచేస్తుంది, సాధారణంగా పది నిమిషాల్లోపు దిగిపోతుంది. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతో తక్కువైతే రోగి గంటల తరబడి ఊపిరి తీసుకోలేడు. ఈ లోపం తెలుగు నాట వైశ్యుల్లో ఎక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. అయితే ఏ కుటుంబంలోనైనా ఉండవచ్చు. నా చేతిలోనే ఒక రోగి మూడు గంటలు వెంటిలేటర్ మీద ఉన్నాడు, తర్వాత నవ్వుతూ లేచాడు. విరుగుడు ఇంజక్షన్ కాదు, ఓపికగా శ్వాస ఇవ్వడమే అతణ్ణి కాపాడింది. తర్వాత తెలిసింది, అతని చిన్నాన్నకూ ఇలాగే అయిందట. ఎవరూ మాకు చెప్పలేదు.

మిగతా మందులకు నియోస్టిగ్మిన్ విరుగుడు. రోక్యురోనియానికి సుగమ్మాడెక్స్ ఉంది కానీ ఖరీదు ఎక్కువ. విరుగుడు ఇచ్చినా కొంత బలహీనత మిగిలితే వార్డులో ఊపిరి ఇబ్బంది వస్తుంది. దాన్ని పట్టుకునేది నర్వ్ స్టిమ్యులేటర్ అనే చిన్న పరికరం. మణికట్టు దగ్గర నాలుగు చిన్న షాకులు ఇస్తే బొటనవేలు ఎన్నిసార్లు, ఎంత బలంగా కదిలిందో చూస్తాం. చాలా చిన్న ఆసుపత్రుల్లో ఇది ఉండదు. పెద్ద మెషిన్లకు పేరు రాయించే దాతలు దీన్నీ గుర్తుపెట్టుకోవాలి. స్కోలిన్, రోక్యురోనియం వంటివి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి కనుక, కరెంటు పోయినా నడిచే ఫ్రిజ్ కూడా.

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే, తర్వాతి ఆపరేషన్‌కు వెళ్లేవారు ఆ విషయం మత్తు డాక్టర్‌కు ముందుగానే చెప్పండి. డిశ్చార్జి కాగితం ఉంటే వెంట తీసుకెళ్లండి.